కన్నీళ్లంత ఉప్పు

గఫూర్ అబద్ధమాడడు. కనుమ కింది తకియాలో చేరినప్పటినుంచీ అతని గురించి అందరూ ఆ మాటే అనేవారు. మొదట్లో మెచ్చుకుంటూ అనేవారు. పోనుపోను ఆ మాట అన్నాక ఒకరి మొహం ఒకరు చూసుకునేవారు.

తకియా అంటే ఫకీరు ఉండే చోటు, పెద్ద కట్టడమేమీ కాదు. రాతిగోడల మీద బోదకప్పు, ముందు ఒక వేపచెట్టు, దారి పక్కన గుర్రాలు నీళ్లు తాగే రాతితొట్టి. కనుమ మీదికి ఇంకా బస్సులు రాని రోజులవి. ఎక్కే జట్కాలూ దిగే జట్కాలూ ఆ తొట్టి దగ్గర ఆగేవి. గుర్రం నీళ్లు తాగుతుండగా మనుషులు లోపలికొచ్చి రహంతుల్లా తాత దగ్గర కాసేపు కూర్చునేవారు.

తాత ఫకీరు. తాయెత్తులు కట్టడు, విభూతులు ఇవ్వడు. చెప్పుకున్నది వింటాడు. చివర్లో ఒక మాట అంటాడు, ఒక్కోసారి అదీ అనడు. వచ్చినవాళ్లు మాత్రం తేలికపడి వెళ్లేవారు.

తాత లేనప్పుడు గఫూర్ కూర్చునేవాడు. అతనూ వినేవాడు. విని, తనకు కనిపించిన నిజం చెప్పేవాడు. కొడుకు ఇల్లు వదిలి పోయాడని ఒకామె వచ్చి ఏడ్చింది. "గారాబం చేసి చెడగొట్టింది నువ్వే కదమ్మా" అన్నాడు. అది నిజమే. ఆమె కొంగుతో మొహం తుడుచుకుని లేచి వెళ్లింది. తర్వాత ఆ దారిన పోతూ కూడా లోపలికి తొంగిచూడలేదు.

ఒకనాడు తాత చేటలో కందిపప్పు పోసుకుని రాళ్లు ఏరుతుంటే గఫూర్ వచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

"తాతా, నిజం చెప్పేది తప్పా?"

"కాదు."

"మరి నా పక్కన ఎవరూ కూచోరెందుకు? నువ్వు లేవని తెలిస్తే తొట్టి కాడినుంచే మళ్లుకుంటాండారు."

తాత ఇంకో రాయి ఏరి బయటికి విసిరాడు. "చూద్దాంలే" అన్నాడు. పప్పు లోపల పెట్టి, తువ్వాలు భుజాన వేసుకుని కట్టెలకని కొండెక్కాడు.

గఫూర్‌కు మనసులో కష్టంగానే అనిపించింది. ఇంతేనా జవాబు అనుకున్నాడు.

తాత అటు పోయిన కాసేపటికే కనుమ దారిలో ఓబులేసు కనిపించాడు. జట్కా లేదు. గుర్రాన్ని పగ్గం పట్టుకుని నడిపించుకొస్తున్నాడు. అది ఆడగుర్రం, పేరు ముత్యాలు. తెల్లటి ఒంటి మీద బూడిదరంగు చుక్కలుండబట్టి ఆ పేరు. ఆ దారిలో దాన్ని తెలియనివాళ్లు లేరు. అలాంటిది తల వేలాడేసి, ముందరి కుడికాలు మోపీ మోపకుండా కుంటుతూ వస్తోంది.

దగ్గరికొచ్చాక గఫూర్ చూశాడు. ముందరి మోకాళ్లు రెండూ చెక్కుకుపోయి ఉన్నాయి. తోలు లేచినచోట సన్నని గులకరాళ్లు అతుక్కుని ఉన్నాయి. కుడి మోకాలి కింద వేలెడంత తెగింది. నెత్తురు కారి గిట్ట దాకా ఎండిపోయింది. లోతు లేదు, ఎముకకు తగల్లేదు. కానీ ఈగలు అప్పుడే వచ్చేశాయి.

"ఏమైంది?"

"మలుపు కాడ బోల్తా పడింది సామీ. బండి నొగ విరిగింది, ఆడనే వదిలేసి వచ్చినా."

ఓబులేసు నోటినుంచి కల్లు వాసన వచ్చింది.

"తాగి తోలినావా?"

ఓబులేసు నేల చూశాడు. "కొంచెం తాగినా. కన్ను మూతపడింది."

గఫూర్‌కు ఒళ్లు మండింది. ఆ మోకాళ్ల వైపు చూసేకొద్దీ ఇంకా మండింది.

"ఈ నోరులేని జీవం నిన్ను నమ్ముకుని అంత ఏటవాలు దిగింది. నువ్వేమో తాగి పడుకున్నావు. నీలాంటోని చేతిలో పగ్గం ఉండకూడదు. నీ దగ్గర ఉండేదానికంటే కసాయోని దగ్గరున్నా దానికి మేలే."

ఓబులేసు గుర్రం మెడ మీద చెయ్యి వెయ్యబోయి, వెయ్యకుండానే వెనక్కి తీసుకున్నాడు. పగ్గం తొట్టి గట్టు మీద మెల్లగా పెట్టాడు.

"అట్లనే సామీ. మీ కాడే ఉండనీ" అని ఊరి వైపు నడిచాడు. ముత్యాలు తలెత్తి అతన్ని చూసి సకిలించింది. అతను వెనక్కి తిరగలేదు.

గఫూర్ పనిలో పడ్డాడు. తకియాకు రాకముందు అతను ఒక హకీము దగ్గర మందులు నూరినవాడు. గాయానికి మైలుతుత్తం నీళ్లు ఎంత బాగా పనిచేస్తాయో అతనికి తెలుసు. పొడి చేసి, గిన్నెలో కలిపాడు. నీళ్లు నీలంగా మెరిశాయి. గుడ్డ ముంచి మోకాలికి అలా తాకించాడో లేదో, ముత్యాలు ముందరి కాళ్లు రెండూ ఎత్తి వెనక్కి లాగింది. పగ్గం వేపచెట్టుకు కట్టి మళ్లీ వెళ్లాడు. ఈసారి చెవులు వెనక్కి పెట్టి పళ్లు చూపించింది. సముదాయించాడు, గదమాయించాడు. తెగిన కాలినుంచి మళ్లీ నెత్తురు కారడం మొదలైంది తప్ప అది దగ్గరికి రానివ్వలేదు.

అప్పుడే తాత కట్టెలమోపు దించి వచ్చాడు. గుర్రాన్ని చూశాడు. గఫూర్ చేతిలో గిన్నె చూశాడు.

"ఏముంది దాంట్లో?"

"తుత్తం నీళ్లు తాతా. మండుతాది గాని మంచిది. చీము పట్టదు."

"ఏదీ, ఇట్లియ్యి."

తాత గిన్నె అందుకున్నాడు. వేలు ముంచి, తల వెనక్కి వాల్చి, ఎడమచేత్తో తన కంటి రెప్ప విప్పి పట్టుకున్నాడు. వేలికొసన నీలిబొట్టు వేలాడుతోంది.

గఫూర్ ఒక్క ఉదుటున వచ్చి ఆ చెయ్యి పట్టుకున్నాడు. "తాతా, కన్ను పోతాది."

"మంచిదన్నావే?"

"కన్నుకు కాదు తాతా. గాయానికి."

తాత అతని మొహంలోకి చూశాడు. కోపం లేదు ఆ చూపులో. "ఓహో" అన్నాడు. వేలు తువ్వాలుతో తుడుచుకుని, గిన్నెలో నీళ్లు దూరంగా, మేకలు తిరగనిచోట గుంట తవ్వి పోసి మట్టి కప్పాడు.

తర్వాత పొయ్యి రాజేసి నీళ్లు మరిగించాడు. ఉప్పు వేశాడు. చల్లారాక నాలుక మీద వేసుకుని చూశాడు. ఎక్కువైందని మరిగిన నీళ్లు ఇంకాస్త కలిపాడు. మళ్లీ చూశాడు. ఈసారి తల వాల్చి కంట్లో ఒక బొట్టు వేసుకున్నాడు. రెప్పలు టపటప కొట్టుకున్నాయి, అంతే.

"ఇది ఫరవాలేదు. నువ్వూ చూడు."

గఫూర్ మోకాళ్ల మీద కూర్చుని తల ఎత్తాడు. తాత వేలికొసనుంచి బొట్టు అతని కంట్లో పడింది. గోరువెచ్చగా ఉంది. మండలేదు. కంటినిండా నిండి చెంప మీదికి జారింది.

"ఎట్లుంది?"

"కన్నీళ్లున్నట్టే ఉంది తాతా."

"సరిపోయింది ఉప్పు. పా."

తాత గుర్రం ముందు నిలబడలేదు. పక్కగా పోయి దాని భుజానికి తన భుజం ఆనించి నిలుచున్నాడు. చాలాసేపు ఏమీ చేయలేదు. దాని ఊపిరి నెమ్మదించాక మెడ మీద చెయ్యి వేశాడు. ఆ చేతిని తీయకుండానే భుజం మీదికి, అక్కణ్ణించి కిందికి జరిపాడు. ముత్యాలు చెవి ఒకటి ఇటు తిప్పింది.

"నీళ్లు పొయ్. గాయం మీద పొయ్యాకు, పైన పొయ్. దానంతట అదే కిందికి దిగుతాది."

గఫూర్ చెంబుతో మోకాలి పైన సన్నగా ధార కట్టాడు. నీళ్లు వెంట్రుకల మీదుగా జారి గాయంలోకి దిగాయి. గుర్రం ఒళ్లు ఒకసారి జలదరించింది గానీ కాలు లాక్కోలేదు. ఇసక కరిగి పోయింది. గులకరాళ్లు నాని ఒక్కొక్కటే ఊడాయి. ఊడనివాటిని తాత తడిగుడ్డ కొసతో, పసిబిడ్డ ముక్కు తుడిచినట్టు తీశాడు. తెగినచోట చుట్టూ వెంట్రుకలు తడిపి, లోపల పడకుండా కత్తిరించాడు. ఉతికి ఆరేసిన పాత ధోవతి చింపి, లోపల దూది పెట్టి కట్టు కట్టాడు.

"వేలు పెట్టి చూడు. దూరతాందా?"

"దూరతాంది."

"దూరాల. లేకుంటే కాలికి నెత్తురాడదు."

మోకాళ్లకు కట్టు కట్టలేదు. ఈగలు వాలకుండా చుట్టూతా వేపనూనె రాసి వదిలేశాడు. అంతా అయ్యాక నడుం పట్టుకుని లేచి చుట్టూ చూశాడు.

"ఓబులేసు ఏడీ?"

"పోయినాడు తాతా."

"గుర్రాన్ని ఇడిచిపెట్టి పోయినాడా? ఏమన్నావు?"

"ఉన్నదే అన్నా. తాగొచ్చినాడు. 'ఈ నోరులేని జీవం నిన్ను నమ్ముకుని' అన్నా..."

"ఆ."

"'నీలాంటోని చేతిలో పగ్గం ఉండకూడదు' అన్నా."

"ఊఁ."

గఫూర్ నోరు తెరిచాడు. కసాయోని మాట తాత ముందు పలకలేకపోయాడు. చెంప మీద తడి ఇంకా ఆరలేదు. చేత్తో తుడుచుకుని గుర్రం కాలి కట్టు వైపు చూస్తూ ఉండిపోయాడు.

తాత మళ్లీ అడగలేదు. చేతులు కడుక్కుని నమాజుకు వెళ్లాడు.

గాయాలు బాగానే మానుతున్నాయి. రోజూ పొద్దున్నే గఫూర్ నీళ్లు కాచి, ఉప్పు వేసి, కంట్లో బొట్టు వేసుకుని చూసి మరీ కడిగేవాడు. ముత్యాలు అతన్ని రానిచ్చేది. కానీ మేత ముట్టేది కాదు. పచ్చగడ్డి కోసుకొచ్చి పెట్టాడు. ఉలవలు ఉడకబెట్టి పెట్టాడు. మూతి ఆనించి, వాసన చూసి, తల తిప్పేసేది. దారి మీద ఏ జట్కా చప్పుడైనా చెవులు నిక్కబొడుచుకునేది. బండి దాటిపోగానే తల దించేసేది. డొక్కలు లోపలికి పోయాయి.

"కాళ్లు మానుతాండాయి తాతా. ఇదెందుకు తినదు?"

"కాళ్లు మన చేతిలో ఉండాయి. మేత ఓబులేసు చేతిలో ఉంది."

గఫూర్ తలపాగా చుట్టుకుని ఊరి దారి పట్టాడు.

దారిపొడుగునా ఏం మాట్లాడాలో అనుకుంటూనే నడిచాడు. 'నీ మేలు కోరే అన్నాను' అందామనుకున్నాడు. ఆ మాట ఎవరైనా తనతో అంటే ఎలా ఉంటుందో ఊహించుకుని, వదిలేశాడు. 'అయిందేదో అయింది' అందామనుకున్నాడు. అదీ వదిలేశాడు. ఊరు చేరేసరికి చెప్పడానికి అతని దగ్గర ఏమీ మిగల్లేదు.

ఓబులేసు ఇల్లు జట్కాలు నిలిచే చోటికి వెనక సందులో ఉంది. తలుపుకు తాళం లేదు గానీ ఇల్లు తాళం వేసినట్టే ఉంది. ముంగిట కళ్లాపి లేదు. ఓబులేసు గడపలో కూర్చుని ఉన్నాడు. గఫూర్‌ను చూసి లేవబోయాడు.

"కూచో కూచో" అని గఫూర్ తనూ పోయి అదే గడప మీద కూర్చున్నాడు.

ఓబులేసే ముందు అడిగాడు. "కాలు వంగుతాందా సామీ?"

"వంగుతాంది."

"దుర్మాంసం పెరగలేదు గదా?"

"లేదు. తాత కడిగినాడు. ఎర్రగా, శుభ్రంగా ఉంది."

ఓబులేసు తల ఊపాడు. "మీరన్నది నిజమే సామీ. నేను శానా ఆలోచన చేసినా. గుర్రాలు కొనే ఆయప్పకు కబురు పంపించినా. మంచోడు, తాగడు. వచ్చి మీ కాడినుంచే తోలుకపోతాడు. నేను రాళ్లు కొట్టే పనికి పోతా. ఆడ పగ్గం పట్టే పని లేదు."

గఫూర్‌కు అప్పుడు తెలిసింది. తన మాట ఈ మనిషి ఇంత దూరం మోసుకొచ్చి, ఈ గడపలో పెట్టుకుని కూర్చున్నాడు.

"ఆ పొద్దు ఎందుకు తాగినావు?" అని అడిగాడు. అడిగిన తీరు వేరుగా ఉందని అతనికే అనిపించింది.

"వానల్లో నా ఇంటిది పోయింది సామీ. జ్వరమొచ్చి పోయింది. ఇంట్లో పడుకుంటే నిద్ర రాదు. తాగినా రాదు. బండెక్కితే మాత్రం వస్తాది. అమావాస్యకు తేరు చూసేదానికి పోయేటప్పుడు నా పక్కనే కూచునేది, ముందర. గిట్టల చప్పుడు వింటాంటే పక్కన ఉన్నట్టే ఉంటాది. కన్ను మూతపడుతాది." కాస్త ఆగి అన్నాడు. "ముత్యాలుకు మేత ఆమే పెట్టేది. తర్వాత నేను పెట్టినా. మొదట్లో నా చేత్తో తినలేదు. అలవాటు చేసుకుంది, పాపం."

సందులో ఎవరో కట్టెలు కొడుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"ఓబులేసన్నా" అన్నాడు గఫూర్. అతను ఎవరినైనా అన్నా అని పిలవగా ఎవరూ విని ఉండరు. "నేనొక అబద్ధం చెప్పినా నీకు."

"మీరా సామీ?"

"కసాయోని మాట. అది అబద్ధం. దానికి మేలు యాడుందో నాకు తెల్దు, తెలిసినట్టు చెప్పినా. నువ్వు పోయినప్పటినుంచీ అది మేత ముట్టలే."

ఓబులేసు అతని వైపు తిరిగాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "నేను పెడితే తింటాదా? నన్ను చూస్తే బెదిరిపోదా?"

తప్పకుండా తింటుంది అనాలని గఫూర్‌కు నోటిదాకా వచ్చింది. కానీ అది అతనికి తెలియదు. "చెప్పలేను అన్నా. పోయి చూద్దాం. నేనూ పక్కనుంటా" అన్నాడు.

ఇద్దరూ ఎండలోనే నడిచి వచ్చారు. తకియా కనిపించాక ఓబులేసు అడుగులు నెమ్మదించాయి. వేపచెట్టు కింద ముత్యాలు నిలబడి ఉంది. దాని ముందరి మోకాళ్ల మీద అప్పుడే కొత్త తోలు వస్తోంది. ఓబులేసు అది చూసి తొట్టి దగ్గరే ఆగిపోయాడు. గఫూర్ వెనకనుంచి తొయ్యలేదు, రమ్మని పిలవలేదు. తనూ ఆగాడు.

ముత్యాలు తల ఎత్తింది. గొంతులోనే, సన్నగా, ఎవరో మూసిన నోటితో పిలిచినట్టు చప్పుడు చేసింది. పగ్గం ఎంతవరకు వస్తే అంతవరకు నడిచి వచ్చి, మెడ చాపి నిలబడింది.

ఓబులేసు వెళ్లి దాని నుదుటికి తన నుదురు ఆనించాడు. తర్వాత వంగి గుప్పెడు గడ్డి తీసి పట్టుకున్నాడు. ముత్యాలు వాసన చూసింది. అతని వేళ్లు చూసింది. మెల్లగా, పరక పరకగా నమలడం మొదలుపెట్టింది.

తాత లోపలినుంచి ఉప్పునీళ్ల గిన్నె తెచ్చి ఓబులేసు చేతికిచ్చాడు. "కట్టు మార్చు నాయనా. మా గఫూర్ చూపిస్తాడు."

గఫూర్ పక్కన మోకరించి, చెప్పకుండా, తన చేత్తో చేసి చూపించాడు. నీళ్లు పైనుంచి పోయడం, దూది పెట్టడం, గుడ్డ చుట్టడం. చివర్లో ఓబులేసు కట్టు కింద వేలు పెట్టి చూసి గఫూర్ వైపు చూశాడు. గఫూర్ తల ఊపాడు.

గుర్రాలు కొనే మనిషి వచ్చాడు, చల్లటి మజ్జిగ తాగి ఉత్తచేతులతో వెళ్లాడు. బండికి కొత్త నొగ వేయించారు. ముత్యాలు ముందు నడిచింది, తర్వాత పరుగెత్తింది. కట్టు తీసేసినచోట వెంట్రుకలు తెల్లగా మొలిచాయి. ఓబులేసు తాగడం తగ్గించాడని ఎవరూ అనలేదు. మానేశాడనీ అనలేదు.

జట్కా మళ్లీ కనుమెక్కి దిగే రోజు వచ్చింది. ముత్యాలును బండికి కట్టి ఓబులేసు తకియా ముందు తచ్చాడుతున్నాడు. తాత దగ్గరికి వస్తాడనుకుంటే గఫూర్ దగ్గరికి వచ్చాడు.

"సామీ, ఏమనుకోకుంటే ఒకటి అడుగుతా. కనుమెక్కి దిగేదాకా నా పక్కన కూచుంటారా? ఊరికే మాట్లాడుతాండండి. కన్ను మూతపడకుండా."

గఫూర్ సరేనని తల ఊపి, తువ్వాలు తెచ్చుకునే నెపంతో లోపలికి వచ్చాడు. తాత కిటికీ దగ్గర కూర్చుని చొక్కాకు గుండీ కుట్టుకుంటున్నాడు.

"తాతా, నన్ను మాట్లాడమంటాండాడు."

"విన్నా."

"నాకు ఉన్నది ఒకటే మాట. తాగుడు మానెయ్యమని. అది చెప్పాల్సిందే గదా. చెప్పకుంటే ఇంకోసారి పడతారు, మనిషీ గుర్రమూ."

"చెప్పాల్సిందే" అన్నాడు తాత. దారం పంటితో కొరికి, గుండీ లాగి చూసుకున్నాడు.

"ఎట్ల మొదలుపెట్టేది?"

తాత సూదిని చొక్కా మడతలో గుచ్చి తల ఎత్తాడు.

"ముందు ఆయమ్మ పేరు అడుగు" అన్నాడు.

జట్కా కనుమెక్కి, తిరిగి దిగడం మొదలుపెట్టింది. మొదటి మలుపు దాటాక గఫూర్ ఆయమ్మ పేరు అడిగాడు. ఓబులేసు పగ్గం వైపు చూస్తూ పేరు చెప్పాడు. ఆ తర్వాత ఆమె గురించి చెప్పడం మొదలుపెట్టాడు. ముత్యాలు ఒక చెవి వెనక్కి తిప్పుకుని జాగ్రత్తగా దిగుతోంది. ఏటవాలు అయిపోయి, చదును నేల వచ్చి, ఊళ్లో దీపాలు పెట్టే వేళ అయినా అతను చెబుతూనే ఉన్నాడు.